ఎవరూ చూడని రాయి

లోవకుమారి చిన్న పట్టకారులాంటి శ్రావణంతో చెవిరాయిని ఎత్తి పళ్లెంలోని నూనెబొట్టులో దించింది. వంజరం చేప తలలో, చెవి ఉండే చోట, బియ్యపు నూకంత ఉంటుందది. దీపం కింద పెట్టి చూస్తే నరికిన మొద్దులో లాగా వలయాలు కనిపిస్తాయి, ఏడాదికొకటి. తెర కుడి మూలన రాతిచూపు యంత్రం చెప్పిన అంకె అప్పటికే వెలిగింది: మూడు. లోవ కటకంలోంచి చూసింది. మూడే ఉన్నాయి. బొటనవేలు గాజు పలక మీద ఆన్చగానే సాక్షిముద్ర పడింది. గోడ మీద ఆమె పేరు పక్కన యంత్రంతో ఏకీభావం నూటికి తొంభై తొమ్మిది దగ్గర కదలకుండా నిలబడి ఉంది.

యంత్రం మాట ఒక్కటే నమ్మి సముద్రం తెరవకూడదన్నది చట్టం. వెనకటికి అలా నమ్మి తెరిచిన ఏడాది పడవలు ఖాళీ వలలతో తిరిగొచ్చాక ఆ చట్టం పుట్టింది. రాతిచూపు చదివిన ప్రతి రాయినీ ఒక సాక్షి చూడాలి, ఆ తర్వాత ఇంకో సాక్షి చూడాలి. ముగ్గురి మాటా కలిస్తేనే లెక్కలోకి వెళుతుంది. యంత్రాన్ని బాధ్యతగా వాడటమంటే ఇదేనని శేషుబాబు గారు శిక్షణలో అందరి బుర్రా తినేశారు. ఆయన ఈ రాతిగదికి అధికారి. తను చెప్పేది నిజమని మనసారా నమ్మే మనిషి, అదొక్కటే ఆయనతో చిక్కు.

ఈ రోజు ఆఖరి పళ్లేలు. సముద్రంలో ముదురు చేప తగినంత ఉందని తేలితే సాయంత్రం ఐదింటికి కాకినాడ తీరమంతా తెరుపు, పడవలు వేటకి వెళ్లొచ్చు. లేత చేపే ఎక్కువైతే మూపు, మళ్లీ వచ్చే ఏడాది దాకా వేట లేదు. ఇప్పటిదాకా లెక్క తెరుపు వైపే ఉంది. మధ్యాహ్నం ఉప్పాడ రేవు నుంచి లోవ భర్త ఎల్లాజీ ఫోన్ చేశాడు.

"ఐసు ఎక్కించేసాం. తెరుస్తారా, తెరవరా?"

"ఇక్కడి సంగతి చెప్పకూడదు బావా. సాయంత్రం నీకే తెలుస్తాది."

"నువ్వు చెప్పక్కర్లేదులే. నీ గొంతులోనే తెలిసిపోయింది," అని నవ్వి పెట్టేశాడు. రెండు సీజన్లుగా పడవ ఇసకలోనే ఉంది. అతను నవ్వగా విని చాలా కాలమైంది. ఆ నవ్వు తలుచుకుంటూ లోవ కొత్త పళ్లెం ముందుకు లాక్కుంది.

అందులో రెండో రాయికి రాతిచూపు ఆరు చెప్పింది. లోవ వలయాలు లెక్కపెట్టింది. ఒకటి, రెండు అనుకుంటూ ఆరు దాకా వచ్చి ముద్ర వేసింది. రాయిని తీయబోతుంటే దాని కొన కంటపడింది. కొన విరిగి ఉంది.

పొద్దున శ్రావణం జారి ఆమే ఒక రాయి కొన విరగ్గొట్టింది. విరిచినందుకు తనని తాను తిట్టుకుంది కూడా. సందేహం లేదు, అదే వంకర, అదే చిన్న గీత. పదకొండింటప్పుడు పళ్లేల్లో రాళ్లు నింపే యంత్రపు సర్దుడుచెయ్యి ఇరుక్కుపోతే మెకానిక్ వచ్చి రాళ్లని చేత్తో నింపి వెళ్లాడు. చదివేసిన రాయి ఒకటి ఇంకో చేప చీటీ కింద మళ్లీ వచ్చిందన్నమాట. అంతవరకూ పెద్ద విషయమేం కాదు. తెరలో దాచి ఉన్న పొద్దుటి బొమ్మ తెరిచి చూసింది. దాని మూలన అంకె నాలుగు. కింద తన ముద్ర.

ఆమె మళ్లీ లెక్కపెట్టింది. పొద్దుటి బొమ్మలో నాలుగే వచ్చాయి. ఇప్పటి బొమ్మలో ఆరు వచ్చాయి. అటొకసారి, ఇటొకసారి చూసింది. ఏ మూలన ఏ అంకె ఉంటే అన్ని వలయాలు స్పష్టంగా కనబడుతున్నాయి. తన కళ్లు తనవి కావనిపించింది.

"శేషుబాబు గారూ, ఒక్కసారి ఇలా రండి."

ఆయన వచ్చి రెండు బొమ్మలూ చూశారు. ముందు దీపం తేడా అన్నారు. దీపం మార్చినా అంకె మారలేదు. తర్వాత తెర మీది చీటీలు చూశారు. పొద్దుటి చీటీలో చేప పొడవు రెండున్నర అడుగులు, ఇప్పటి చీటీలో నాలుగు. ఆయన ఇప్పటి చీటీలో పొడవు చెరిపి అడుగున్నర అని కొట్టారు. అంకె రెండైంది. ఐదడుగులని కొట్టారు. ఎనిమిదైంది. రాయి మాత్రం ఉన్నచోటే ఉంది.

"రాయి తియ్యమ్మా," అన్నారు.

లోవ తీసింది. పళ్లెంలో నూనెబొట్టు తప్ప ఏమీ మిగల్లేదు. తెర మూలన ఎనిమిది అలాగే వెలుగుతోంది.

ఆ ఆదుర్దాలో లోవ చెయ్యి గాజుకి తగిలి ముద్ర పడిపోయింది. ఖాళీ పళ్లెం బొమ్మ వెంటనే రెండో సాక్షి వరసలోకి వెళ్లింది. ఆ వరసలో ఉన్నది నాలుగు బల్లల అవతల కూర్చున్న సలోమి. ఈ గదిలో అందరికంటే జాగ్రత్త మనిషని పేరు. లోవ వద్దని పిలిచేలోపే సలోమి కటకంలోకి వంగింది. పెదవులు కదిపి లెక్కపెట్టింది. నూనెబొట్టు అంచున వెలుగు చుట్లు చుట్లుగా పడుతుంది, అదే ఆమెకి దొరికి ఉండాలి. బొటనవేలు ఆన్చింది. గోడ మీద ఏకీభావం చెక్కుచెదరలేదు.

యంత్రం చేప పొడవు చూసి చెబుతోంది. మనుషులు యంత్రాన్ని చూసి చెబుతున్నారు. మేత దొరికిన చోట లేత చేప కూడా పొడవు పెరుగుతుందని, ఆ సంగతి తేల్చడానికే రాయిని చూస్తారని ఈ గదిలో అందరికీ తెలుసు. అయినా ఇన్నాళ్లూ రాయిని చూసిన వాళ్లు ఒక్కరూ లేరు.

"ఇది బయటపెడితే గది మూసేస్తారమ్మా," అన్నారు శేషుబాబు గారు. "తీర్పుకింకా గంటే ఉంది. తెరవనిద్దాం. తర్వాత మనమే నెమ్మదిగా సరిదిద్దుకుందాం."

"తెరిచాక సముద్రంలో ఉన్నది లేత చేపైతేనోనండి?"

"కాకపోవచ్చు కదా."

"కాకపోవచ్చండి. మనకి తెలీదు కదా."

లోవ తెర వైపు తిరిగింది. ముద్ర వెనక్కి తీసుకునే హక్కు ప్రతి సాక్షికీ ఉంది, ఎవరూ వాడగా చూడలేదు. వాడితే విచారణ అయ్యేదాకా గాజు పనిచేయదు, జీతం రాదు. ఉప్పాడలో ఐసు కరుగుతూ ఉంటుంది. లేత చేప గుడ్డు పెట్టకముందే వలలో పడితే ఆ వల లాగేది ఎల్లాజీయే. ఆ తర్వాత ఏళ్ల తరబడి ఖాళీ వల లాగేదీ అతనే. ఆమెకి ఏడుపొచ్చింది. ఏడుస్తూనే ఈ సీజన్‌లో తను వేసిన ముద్రలన్నీ ఎంచుకుని, వెనక్కి అని నొక్కింది.

కారణం ఎంచుకోమని తెర అడిగింది. చూపు అలసట, దీపం లోపం, రాయి పగులు. ఏదీ కాదు. ఖాళీ గడిలో ఆమె ఇలా కొట్టింది: నేను రాయిని చూడలేదు. అంకెను చూశాను.

గోడ మీద ఆమె పేరు ఆరిపోయింది. తలలన్నీ ఇటు తిరిగాయి. సలోమి లేచి వచ్చి, లోవ బల్ల మీది ఖాళీ పళ్లెం చూసింది, తన ముద్ర పడిన ఎనిమిది చూసింది. "నేను లెక్కపెట్టాను," అంది. "దేవుడి తోడు, ఎనిమిదీ లెక్కపెట్టాను." ఇంకేమీ అనకుండా తన బల్లకి వెళ్లింది. కాసేపటికి ఆమె పేరూ ఆరింది. తర్వాత పక్క వరసలో ఇంకోటి. ఐదు కాకముందే గోడ సగం చీకటైంది, లెక్క చాలక తీర్పు నిలిచిపోయి తీరం మూపులోనే ఉండిపోయింది.

ఫోన్ మోగింది.

"ఏటయ్యింది? మూపని వచ్చింది. చేపల్లేవా?"

"ఉన్నాయో లేవో తెలీదు బావా."

"తెలీపోడమేటి? పొద్దున్నించీ చూస్తానే ఉన్నావు కదా."

అతని వెనక రేవులో ఎవరో ఎవర్నో కేకేస్తున్నారు.

"చూడలేదు," అంది లోవ. "ఐసు దించెయ్."

అవతల అతను ఫోన్ పెట్టెయ్యలేదు. చివరికి లోవే పెట్టేసింది. తర్వాత కొన విరిగిన రాయిని మళ్లీ నూనెలో దించి, అంకె కనబడకుండా తెర కుడి మూలన ప్లాస్టర్ ముక్క అంటించింది. శేషుబాబు గారు కుర్చీ లాక్కుని పక్కన కూర్చున్నారు.

"నీకెన్ని కనబడుతున్నాయమ్మా?"

"మీరూ చెప్పకండి, నేనూ చెప్పను. రాసి మడతపెడదామండి."

చాలాసేపు పట్టింది. మూల ఖాళీగా ఉంటే వలయాలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోతున్నాయి, ఎక్కడ ఆపాలో చెప్పేవాళ్లు లేరు. ఇద్దరూ రాసి, కాగితాలు విప్పారు. ఆయన కాగితం మీద మూడు ఉంది. ఆమె కాగితం మీద ఐదు ఉంది. ఒకళ్ల మొహాలొకళ్లు చూసుకున్నారు.

లోవ రెండు కాగితాలూ మళ్లీ మడతపెట్టి, గుప్పిట్లో మూసుకుని, గది అవతలికి చూసి పిలిచింది.

"సలోమీ, ఇలా వచ్చి ఈ రాయి చూడు. మేం ఎంతనుకున్నామో అడక్కు."