ఖాళీగా ఉంచిన పంక్తి

గౌరికి అన్నిటికంటే పెద్ద భయం ఒక్కటే. మామగారి ఆఖరి కీర్తన తన నోట్లో తప్పుగా మిగిలిపోతుందేమోనని.

ఆ పొద్దున జనక్‌పురిలో పొగమంచు ఇంకా విడలేదు. బూత్ నుంచి పాలు తెచ్చి స్టవ్ మీద పెట్టిందో లేదో, లక్ష్మీపతి గారు నోటుపుస్తకంతో వచ్చి కూర్చున్నారు. ఆయన మామగారి పాత శిష్యుడు. బెజవాడ నుంచి ఈ పని మీదే వచ్చారు. మామగారు సుందరరామయ్య గారి కీర్తనలు పాడని విద్వాంసుడు లేడు. అవన్నీ పుస్తకంగా వేస్తున్నారు. ఆఖరిది ఒక్కటే కాగితం మీద లేదు.

ఏ కీర్తనైనా ఏడాది నోట్లో నానాకే రాయాలని మామగారి పట్టుదల. కిందటి చలికాలం వంటింటి గుమ్మంలో కుర్చీ వేసుకుని, బఠాణీలు ఒలిచే కోడలికి దీన్ని ఒక్కొక్క పంక్తీ చెప్పారు. ఏడో తరగతితో చదువాగిన గౌరికి స్వరాలు రాయడం రాదు. పట్టుకోవడం వచ్చు. ఏడాది నిండకముందే పక్షవాతం వచ్చి ఆయన మాటా, కుడి చెయ్యీ పోయాయి.

"పాడమ్మా, భయపడకు. గురువుగారు తాళం వేస్తారు," అన్నారు లక్ష్మీపతి.

గౌరి పల్లవి ఎత్తుకుంది. మంచం మీద పడుకున్న మామగారి ఎడమ చెయ్యి దుప్పటి మీద తాళం వేసింది. అనుపల్లవి రెండో పంక్తి దగ్గర ఆ చెయ్యి ఆగిపోయింది.

మళ్లీ పాడింది. చెయ్యి అక్కడే ఆగింది. ఇంకోలా పాడింది. ఆయన కళ్లు మూసుకున్నారు.

"నాన్న అలిసిపోయాడు. అలాగే రాసేయండి," అన్నాడు భర్త శేషగిరి, ఆఫీసుకి స్వెటర్ తొడుక్కుంటూ. "ఎవరికి తెలుస్తుంది?"

"ఆయనకి తెలుసండీ!"

"ఠీక్ హై, అయితే సరిగ్గా పాడు. నీకొక్కదానికేగా చెప్పింది!"

"నాకే చెప్పారు, నేనే చెడగొట్టాను." అంది గౌరి. "పూర్ణని జోకొట్టడానికి అదే పాడేదాన్ని. అక్కడ గొంతు పైకెళ్లాలి. పిల్ల ఉలిక్కిపడి లేస్తోందని కిందికి దించాను. రోజూ దించాను. ఇప్పుడు ఎంత వెతికినా ఆ పైది దొరకట్లేదు."

"పిల్ల నిద్ర కోసం నాన్న కీర్తన..."

"ఆయన ముందు మీకే చెప్తానంటే మీరేం చేశారు? రేడియోలో క్రికెట్ విన్నారు!"

శేషగిరి ఒక చెయ్యి స్వెటర్‌లో, ఒక చెయ్యి బయట అలాగే నిలబడిపోయాడు. తర్వాత మంచం అంచున కూలబడ్డాడు.

"మూడుసార్లు పిలిచాడు గౌరీ. 'వస్తున్నా నాన్నా' అన్నాను. లేవలేదు." కళ్లు తుడుచుకున్నాడు. "నిన్ను అనడానికి నాకేం మొహం ఉంది?"

లక్ష్మీపతి కీర్తనంతా రాసుకుని, ఒక్క పంక్తి చోటు వదిలేశారు.

"ఖాళీగానే అచ్చేస్తారా?" అంది గౌరి.

"గురువుగారి చెయ్యి ఆగిన చోట నా కలం ఎలా కదుల్తుందమ్మా?"

అప్పుడు మామగారి ఎడమ చెయ్యి తడుముకుంటూ వచ్చి గౌరి మణికట్టు పట్టుకుంది. దాని మీద ఆయన ఎనిమిది దెబ్బల తాళం ఒక్క ఆవర్తం మెల్లగా వేశారు. ఎవరూ పాడలేదు. ఆ పంక్తి ఆయన లోపల చెక్కుచెదరకుండా వినిపిస్తోందని గౌరికి అర్థమైంది. అది బయటికొచ్చే దారే లేదు.

ఫాల్గుణంలో ఆయన పోయారు.

"మమ్మీ, వో వాలా గావో నా," అని పూర్ణ రోజూ ఆ పాటే పాడమని అడుగుతుంది. గౌరి జోకొడుతుంది కానీ పాడదు. పాడిన ప్రతిసారీ ఆ తప్పు ఇంకాస్త గట్టిపడుతుందని ఆమె భయం.

మీరు జనక్‌పురి వైపు వెళ్తే, నీళ్ల ట్యాంకు వెనక మూడో ఇల్లు, కింది వాటా. గౌరి ఎలా ఉందో ఒక్కసారి చూసి రండి. పాడమని మాత్రం అడక్కండి.