ఇంకొక్క గుక్క

కుట్టుమిషను పక్కన, కిటికీ దగ్గర ఓ పెద్ద కుండీ. అందులో వెడల్పాటి చారల ఆకుల మొక్క. పొద్దుగూకితే దాని ఆకులు పైకి లేచి ముడుచుకుంటాయి, తెల్లవారితే మళ్లీ విచ్చుకుంటాయి. అమ్మ దాని మీద ఈగ వాలనిచ్చేది కాదు. తడిగుడ్డతో ఒక్కో ఆకూ తుడిచేది. మట్టిలో వేలు గుచ్చి చూసేది. తడి తగలకపోతే ఇక కూతురి పని అయినట్టే.

"నోరు లేని జీవమే అది! దాహం వేస్తే ఎవరితో చెప్పుకుంటుంది? లేచి నీళ్లు పొయ్యి!"

"నీ కడుపున పుట్టింది నేనా, అదా?" అని బట్టలు కుట్టుకునే ఆ కూతురు మిషను ఆపకుండానే దెప్పేది.

ఆ అమ్మ ఆస్పత్రిలో పోయింది. ఆపరేషన్ ముందు చుక్క నీళ్లు కూడా పట్టొద్దన్నారు. "ఒక్క గుక్కేనే" అని అమ్మ చెయ్యి పట్టుకుని బతిమాలితే, కూతురు గుండె రాయి చేసుకుని గ్లాసు దూరంగా జరిపింది. ఆపరేషన్ గదిలోంచి అమ్మ తిరిగి రాలేదు. డాక్టర్లు చెప్పిందే చేశావు, నీ తప్పేం లేదని నలుగురూ అన్నారు. మనసు వింటేగా!

ఇల్లు మూగబోయింది. అప్పుడు పుట్టింది ఆమెకో పిచ్చి ఆలోచన. మొక్క ఎండితే అమ్మ ఊరుకోదు. తిట్టడానికైనా వస్తుంది. వస్తే కాళ్ల మీద పడి, ఆ గ్లాసు జరిపినందుకు క్షమించమని అడగొచ్చు.

నీళ్లు మానేసింది. ఆకుల అంచులు మాడాయి, కాడలు వాలిపోయాయి. మట్టి బిగుసుకుపోయి కుండీ గోడను వదిలేసింది. పాపం, దాన్ని చూడలేక ఆమె తల వంచుకుని కుట్టేది. కుట్టే గుడ్డ తడిసేది.

ఓ సాయంత్రం వాన పట్టుకుంది. కరెంటు పోయింది. గదిలో ఎండుటాకుల వాసన... దానితోపాటు సన్నగా ఆస్పత్రి మందుల వాసన. ఆకులు ముడుచుకునే వేళ అది. ఆకులు ఒకదానికొకటి రాసుకునే గరగర మామూలే. కానీ ఇవాళ ఎంతకీ ఆగలేదు.

"నీళ్లు..."

"అమ్మా? నువ్వేనా? తిట్టవే... నన్ను తిట్టు..."

తిట్టలేదు.

"ఒక్క గుక్కేనే..."

ఆమె వంటింట్లోకి పరుగెత్తింది. బిందె తెచ్చి కుండీలో కుమ్మరించింది. ఎండిన మట్టి తడి పట్టలేదు. నీళ్లన్నీ అంచు సందులోంచి జారి నేలపాలయ్యాయి. మళ్లీ పోసింది. మళ్లీ జారాయి.

"దాహం... తల్లీ..."

భయంతో ఆమె గొంతు పిడచగట్టుకుపోయింది. చెంబు ఎత్తి ఒక గుక్క తాగింది.

గుటక చప్పుడు.

తన గొంతులో కాదు... మొక్క ఉన్న మూలలో.

ఇంకో గుక్క మింగింది. నాలుక పొడిగానే ఉంది. మూలలో మళ్లీ గుటక. వెనకే హాయిగా ఓ నిట్టూర్పు.

"ఇంకొంచెం..."

గోడకు జారగిలబడి ఏడ్చింది కూతురు. గొంతు మండిపోతోంది. ఏడుస్తూనే చెంబు నింపుకుంది.

"తాగమ్మా. ఈసారి ఎవరు వద్దన్నా వినను."

తాగింది.

మూలలో రెండు గొంతులు గుటక వేశాయి. రెండోది తనది.