ఏడు రోజుల గది

ఆ ఇంట్లో తండ్రి కూతురితో మాట్లాడి తొమ్మిది రోజులైంది!

మధ్యలో నలిగిపోతున్నది తల్లి. "ఆ తలుపు వెయ్యమని చెప్పు నీ కూతురికి" అని ఆయన. "నాన్న మందు వేసుకున్నారా అమ్మా?" అని అది. ఎదురెదురుగా కూర్చున్న మనుషులకి తనే దుబాసీ అయిపోయింది... ఎవరికి చెప్పుకుంటుంది!

ప్రభుత్వ గడియారాల ఫ్యాక్టరీలో ఆయన్ని అందరూ చెవిమేస్త్రి అనేవారు. తయారైన ప్రతి గోడగడియారమూ ఆయన గదిలో ఏడు రోజులు నడవాల్సిందే. పొద్దునా సాయంత్రమూ ఒక్కొక్కదానికీ చెవి ఆనించి విని, ఏడో రోజున ఆయన తలూపితేనే అది గడప దాటేది. ఎంత బాగుండేవి ఆ రోజులు! క్యారియర్ పట్టుకుని తల్లి వెళితే, రెండు జడల పిల్ల చెయ్యి విడిపించుకుని పరుగెత్తి, తండ్రి పక్కన తనూ చెవి ఆనించేది.

"పిట్టా, ఏమంటోందే?"

"ఆకలేస్తోందంటోంది నాన్నా!"

గదంతా నవ్వేది.

తర్వాత ప్రభుత్వ ఫ్యాక్టరీలన్నీ అమ్మకానికొచ్చాయి. ఎలా అమ్మాలో చెప్పడానికి విదేశీ సలహాదారులు దిగారు. వాళ్ళ భాష చదువుకున్న పిట్టకి వాళ్ళ దగ్గరే దుబాసీ ఉద్యోగం దొరికితే తల్లీ తండ్రీ పొంగిపోయారు... ఆ రోజు వచ్చేవరకు! "ఏడు రోజులు వినడం దండగ. గది మూసెయ్యండి. అమ్మాక చెడిపోయినవాటికి బదులు కొత్తవి ఇద్దాం." అన్నది సలహాదారే అయినా, అందరి ముందూ ఆ మాట ఆయన చెవిన వేసింది కన్నకూతురు! ఆ పిల్ల సలహాదారుతో ఇంకా ఏదో మాట్లాడుతూనే ఉంది, కానీ ఆయన ఆగలేదు. ఇంటికొచ్చి గోడమీది గడియారం ఆపేశారు.

పదో రోజు పొద్దున, కూతురు సంచి తగిలించుకుని వెళ్ళాక, అల్మరా తుడుస్తున్న తల్లి చెయ్యి ఆగిపోయింది. కూతురి లావుపాటి నిఘంటువు! అది లేకుండా ఉద్యోగానికి వెళ్ళదే... వేలు పెట్టి చూస్తే దాని మీద దుమ్ము పేరుకుంది.

సాయంత్రం పిల్ల రాగానే నిలదీసింది.

"ఉద్యోగం పోయిందమ్మా. వాళ్ళ మాట చెప్పేశాక, నా మాట ఒకటి కలిపాను. మా గడియారాల్ని జనం నమ్మేదే ఈ గదిని చూసి, దీన్ని మూయకండి అన్నాను. దుబాసీకి సొంత మాట ఉండకూడదట... మర్నాటినుంచి రావద్దన్నారు."

"మీ నాన్నకి ఎందుకు చెప్పలేదే తల్లీ!"

"గది ఎలాగూ మూసేశారుగా అమ్మా. నా ఉద్యోగం కూడా ఆయన వల్లే పోయిందనుకుంటే తట్టుకుంటారా?"

గుమ్మంలో చెప్పులు విడుస్తున్న తండ్రి చెవిన ఆ మాటలు పడ్డాయి. ఆయన మెల్లగా లోపలికొచ్చి గోడమీది గడియారం దింపారు. కీ ఇచ్చారు.

"గడియారాన్నైతే ఏడు రోజులు వినేవాణ్ణి... నా పిట్టని ఒక్కరోజు కూడా వినలేదు!"

గడియారాన్ని కూతురి చెవి దగ్గరికి తెచ్చారు.

"ఏమంటోందే?"

పిట్ట ఏడుస్తూనే నవ్వింది. "ఆకలేస్తోందంటోంది నాన్నా..."

తల్లి కళ్ళు తుడుచుకుంటూ వంటింట్లోకి పరుగెత్తింది. పది రోజుల తర్వాత మూడు కంచాలూ ఒకేసారి పెట్టింది.