సగం బొట్టు

డిస్కు బీరువాలోనే ఉంది. ప్రాణం మాత్రం పోయింది.

గురువారం, ఉదయం 10:10. ధర్మవరం. ‘చిత్రావతి విజన్’ లోకల్ ఛానల్ ఆఫీసు.

ఎస్‌ఐ నాగజ్యోతి ఆ నల్ల డబ్బాను చేతిలో తిప్పి చూసింది. మీద తెల్ల లేబుల్. ‘పాత వార్తలు, 1997–2012.’ కంప్యూటర్‌కు తగిలిస్తే ఉలుకూ లేదు, పలుకూ లేదు.

“సెప్టెంబర్ పన్నెండున పిడుగు పడింది మేడమ్. ఆ దినమే పాయె. హిందూపురంలో షాపోడికి చూపిస్తే లాభం లేదన్యాడు. తెచ్చి బీరువాలో పెట్టినా. మళ్లీ చెయ్యి కూడా పెట్టలేదు” అన్నాడు రామాంజనేయులు. ఛానల్ ఓనర్. తొంభై ఏడులో ఒక డిష్షు, ఒక వీసీఆర్‌తో మొదలుపెట్టిన మనిషి.

“బీరువా తాళం ఎవరి దగ్గర ఉంటుంది?”

“నా మొలతాడుకే. ఇంకెవురికీ ఇయ్యను.”

తలుపు దగ్గర నేలమీద శంకరమ్మ కూర్చుని ఉంది. కనగానపల్లి పక్క ఊరు. గొర్రెలు కాసుకునే ఇల్లు. నిన్న సాయంత్రం స్టేషన్ మెట్లమీద కూర్చుని లేవనంటే లేవనంది. ‘నా సాక్ష్యం దొంగిలించినారు’ అని ఒకటే మాట.

“పదకొండెకరాల బీడమ్మా. మా నలభై ఇండ్ల గొర్రెలు ఆడే మేస్తాయి. రెండువేల ఆరులో నీళ్లతొట్టి కట్టించిన దినం, ఆ బీడు ఆసామి ఓబుళప్ప అందరి ముందర మైకులో చెప్పినాడు. ఈ తొట్టీ, సుట్టూ బీడూ గొర్రెలోళ్లకే, నా పిల్లోళ్లు గూడా అడగరు అని. ఇప్పుడు సోలారోళ్లకు ఇస్తాండాడు. ఆ మాటే అన్లేదంట!”

“టీవీలో మీరు చూశారా అవ్వా?”

“మా ఊర్లో అప్పుడు టీవీలు యాడివి? ఏసినారని ఇన్యాము.”

పెనుకొండ కోర్టులో రేపు పదిన్నరకు వాయిదా. ఊళ్లోవాళ్లు సాక్ష్యం చెబితే అందరూ గొర్రెలవాళ్లే, ఒకే పక్షం అంటున్నాడట అవతలి లాయరు. ఆ వీడియో ఉంటే బీడు నిలుస్తుంది. లేకపోతే నలభై ఇళ్లవాళ్లు మందలు అమ్ముకోవాలి.

దసరా మరుసటి రోజు శంకరమ్మ ఇక్కడికొచ్చి వీడియో అడిగింది. రెండు రోజులాగి రమ్మన్నారు. వస్తే, డిస్కు చచ్చిపోయిందన్నారు.

నాగజ్యోతి ఫోన్‌లో గది ఫొటోలు, డిస్కు ఫొటోలు తీసుకుంది. ఆయుధపూజ అయి తొమ్మిది రోజులైనా బొట్లు చెరగలేదు. మానిటర్లకు బొట్లు. కెమెరాలకు బొట్లు. ఫ్యాన్ స్విచ్చికి కూడా బొట్టే.

టెక్నీషియన్ దానియేలు అప్పుడే లోపలికొచ్చాడు. చేతిలో ప్రయాణం బ్యాగు.

“ఎక్కడి నుంచి?”

“గుంతకల్లు మేడమ్. మామకు ఆపరేషన్. పూజకు ముందు దినం పోయింటి, ఇప్పుడే దిగినా.”

“ఈయప్ప ఎర్త్ సరిగ్గా ఇచ్చింటే పిడుగుకు డిస్కు పోయుండునా?” అన్నాడు ఓనర్.

దానియేలు ముఖం కందిపోయింది. “ఇరవై రెండేండ్లుగా ఇదే మాట సార్. ఏది పోయినా నేనే.”

వార్తలు చదివే కల్పన తలెత్తలేదు. “పాత డిస్కు సంగతి నాకు తెలీదు మేడమ్. అది సారే చూసుకుంటారు.”

11:05కి సీఐ ఫోన్. “ఏమ్మా, పిడుగు మీద ఎఫ్‌ఐఆర్ రాస్తాండావా?” అవతల నవ్వులు. నాగజ్యోతి పళ్లు కొరుక్కుంది. ఒక ముసలామె మాట నమ్మినందుకు స్టేషనంతా నవ్వుతోంది.

మధ్యాహ్నం 1:40. హిందూపురం.

“రామాంజనేయులు అన్నా? వస్తాంటాడు. ఎప్పుడొచ్చినాడో యాడ గుర్తుంటాది మేడమ్?” అన్నాడు షాపువాడు.

“డిస్కు నంబర్ రాసుకోలేదా?”

“చెడిపోయినవాటికి నంబరెందుకు? అదో, ఆ బుట్ట నిండా అవే. ఎవురికి కావాలంటే వాళ్లు ఏరుకపోతారు.”

“సీసీ కెమెరా?”

“ఏడు దినాలే ఉంటాది.”

అంత దూరం వచ్చి సాధించింది ఇది. ఎండ, దుమ్ము, తలనొప్పి.

తిరుగుదారిలో 3:30కి పెనుకొండలో ఆగి శంకరమ్మ లాయరును కలిసింది. “వీడియో లేకపోతే బయటి మనిషి సాక్ష్యమైనా కావాలి మేడమ్. రెండూ లేకపోతే రేపటితో సరి” అన్నాడాయన, ఫైలు కట్టేస్తూ.

జీపులో కూర్చుని రిపోర్టు రాయడానికి ఫొటోలు తెరిచింది. ‘నేరం జరిగినట్టు ఆధారాలు లేవు’ అని రాయాలంటే చెయ్యి రాలేదు. ఊరికే ఒక్కో ఫొటో పెద్దది చేసి చూసింది.

ఒకచోట వేలు ఆగిపోయింది.

వెతకబోయిన తీగ కాలికే తగిలింది.

సాయంత్రం 5:30. ఛానల్ ఆఫీసులో అందరినీ కూర్చోబెట్టింది. గది ఊడ్చే ఆదిలక్ష్మమ్మను కూడా పిలిపించింది.

“పూజ రోజు బొట్లు పెట్టింది మీరేనా?”

“నేనే మేడమ్. గంధం తడిపి, దానిమీద కుంకం. సారు బీరువా తీసిస్తే దాంట్లో డబ్బాకూ పెట్టినా. అచ్చరాల మీద పడితే కల్పనమ్మ అరుస్తాదని చీటీ అంచున పెట్టినా.”

“చీటీ అంచున. అంటే సగం చీటీ మీద, సగం డబ్బా మీద. అంతేనా?”

“అంతే గదా మరి.”

నాగజ్యోతి డిస్కును బల్లమీద పెట్టింది. లేబుల్ అంచున అర్ధచంద్రంలా సగం బొట్టు. పక్కన నల్ల ప్లాస్టిక్ మీద మరక కూడా లేదు.

“మిగతా సగం ఏది?”

నాగజ్యోతి డిస్కును రామాంజనేయులు ముందుకు జరిపింది.

“తుడిచేశారందామా? బీరువాలో పెట్టాక మళ్లీ చెయ్యి కూడా పెట్టలేదని మీరే చెప్పారు. పూజ రోజు ఈ చీటీ వేరే డిస్కు మీద ఉంది రామాంజనేయులు గారూ. ఆ తరువాత ఊడదీసి, హిందూపురం షాపు బుట్టలో ఏరుకొచ్చిన ఈ చచ్చిన డిస్కుకు అతికించారు. పూజకు ముందు రోజు నుంచీ దానియేలు ఊళ్లో లేడు. బీరువా తాళం మీ మొలతాడును వదలదు. పిడుగును ఎందుకండీ ఆడిపోసుకోవడం?”

రామాంజనేయులు మొలతాడుకున్న తాళం తడుముకున్నాడు.

“ఓబుళప్ప ఫోన్ చేసినాడు మేడమ్. ఆ పక్క పల్లెలకు పోయే నా కేబులంతా ఆయన పొలాల మీదనే పోతాది. ఒక్క కత్తెర ఏస్తే ఆరునూర్ల ఇండ్లు చీకటి. ఫోన్లొచ్చినాక ఇప్పటికే సగం మంది కేబులు మానేసినారు.”

“డిస్కును ఏం చేశారు? నిజం చెప్పండి.”

“చెరువులో ఏస్తామని రెండుసార్లు పోయినా. చేతులు రాలేదు. పదిహేనేండ్ల నా బతుకు ఉండాది దాంట్లో.”

కిందికి వెళ్లి స్కూటర్ డిక్కీలోంచి గుడ్డలో చుట్టిన డిస్కు తెచ్చాడు. ప్లాస్టిక్ మీద మిగతా సగం బొట్టు అలాగే ఉంది. శంకరమ్మ రెండు చేతులూ ఎత్తి దండం పెట్టింది.

6:05. కల్పన ఫైలు వెతికి పట్టుకుంది. నలభై ఎనిమిది సెకన్లు.

తొట్టి. గొర్రెలు. నల్లమీసంతో ఓబుళప్ప. చేయెత్తి బీడు మొత్తం చూపిస్తూ మాట్లాడుతున్నాడు. పెదవులు కదులుతున్నాయి.

వినబడేది మాత్రం ఇంకొకరి గొంతు. “ఈ కార్యక్రమంలో సర్పంచ్, ఉపసర్పంచ్, పాల సంఘం అధ్యక్షుడు కుళ్లాయప్ప, మాజీ సర్పంచ్...” పేర్లు, పేర్లు, పేర్లు. “తదితరులు పాల్గొన్నారు.”

అంతే. తెర నల్లబడింది.

“ఆయన మాట ఏది?” నాగజ్యోతి గొంతు పెరిగింది. “అసలు టేపు ఏది?”

“అప్పుడు మాకు ఏడే టేపులు మేడమ్” అన్నాడు దానియేలు. “వార్తలు అయితానే దానిమీదనే మళ్లీ రికార్డు. పేర్లు చదవకపోతే తెల్లారి ఆఫీసు మీదికి కొట్లాటకొస్తాంటిరి. అందుకని ఎవురు మాట్లాడినా, దాని మీద పేర్లు చదివేస్తాంటిమి.”

నాగజ్యోతి బల్లమీద గుద్దింది. కొండను తవ్వి ఎలుకను పట్టినట్టయింది. రామాంజనేయులు తల పట్టుకున్నాడు. ఏమీ లేనిదాని కోసం దొంగ అయ్యాడు. ఒక్కసారి వేసి చూసుకోవాలని కూడా తోచలేదు.

శంకరమ్మ లేచి తెర దగ్గరకొచ్చింది.

“ఆ పేర్లు చదివింది ఎవురమ్మా?”

కల్పన ఓనర్ వైపు చూసింది.

“నేనే” అన్నాడు రామాంజనేయులు.

“అంటే ఆ దినం నువ్వు ఆడ ఉన్యావు.”

“మైకు పట్టుకున్నింది నేనే.”

“అట్లయితే ఆయప్ప మాట నా కంటే ముందు నువ్వే ఇన్యావు గదప్పా. నువ్వు గొర్రెలోడివి గాదు, మా ఊరోడివి గాదు. నీ మాటకు అడ్డం చెప్పేదానికి లేదు. రేపు పెనుకొండకొచ్చి చెప్పు.”

ఆయన కిటికీలోంచి కేబుల్ తీగల వైపు చూశాడు.

“చెప్పినా చెప్పకపోయినా మీ మీద కేసు ఆగదు” అంది నాగజ్యోతి. “ముందే చెబుతున్నాను.”

రామాంజనేయులు కిటికీ దగ్గర నుంచి వెనక్కి తిరిగాడు.

“దానియేలూ, కెమెరా పెట్టప్పా.”

“ఎవురి కోసరం సార్?”

“నా కోసరమే. తెల్లారేసరికి భయపడి మాట మారుస్తానేమో. ఇది మేడమ్ దగ్గర ఉంటే మార్చలేను.”

6:40కి దానియేలు ఎర్రలైటు వెలిగించాడు. రామాంజనేయులు తన పేరు, తండ్రి పేరు చెప్పాడు. ఆ తరువాత ఓబుళప్ప ఆ రోజు అన్న మాటలు, పొల్లుపోకుండా, మొదటి నుంచి చివరిదాకా చెప్పాడు. ఈసారి దానిమీద ఎవరి గొంతూ వేయలేదు.