నలభై రెండు మిల్లీమీటర్ల వాన

వెనక బొలెరో.

తెల్లది. నంబర్ ప్లేటుకు బురద పూసి ఉంది. ఈ కరువులో బురద ఎక్కడ దొరికిందో వాళ్లకే తెలియాలి!

లతీఫ్ స్కూటీ హ్యాండిల్‌ను చివరికంటా తిప్పుతున్నాడు. నలభై ఐదు... యాభై... అంతే. బండికి వయసైపోయింది. నడిపేవాడికీ అయిపోయింది.

పొద్దున పదిన్నర. కొండమల్లేపల్లి నుంచి దేవరకొండ పోయే రోడ్డు. మీటింగ్ పదకొండుకు.

బనియన్‌కు ఆనించి ఒక కాగితం దాచాడు. నల్లగొండ దవాఖాన చీటీ. ఐదేళ్ల నాటిది. ఇప్పుడే కూతురు ఉమేరా ఇంట్లో ట్రంకుపెట్టె వెతికి తెచ్చాడు.

అది మీటింగ్‌కు చేరకపోతే వర్షిత దుబాయ్ వెళ్లదు. అబద్ధాలకోరని పేరు పడుతుంది... ఆమెకూ, చచ్చిపోయిన ఆమె నాన్న కాటమయ్యకూ.

హెల్మెట్‌లో ఇరికించిన ఫోన్ మోగుతోంది. ఉమేరా.

"అబ్బాజాన్, నువ్వు పోంగనే ఎవరో ఇద్దరు వచ్చిండ్రు. చీటీ ఏడుందని అడిగిండ్రు."

"ఏం చెప్పినవ్?"

"నువ్వు తీస్కపోయినవని చెప్పిన. పాప నా పక్కనే ఉండె. భయమైంది."

"మంచిగ చేసినవ్. తలుపేసుకో."

దడ్!

బొలెరో వెనక నుంచి గుద్దింది. స్కూటీ రోడ్డు దిగి, గట్టు దాటి, పత్తి చేన్లో పడింది. లతీఫ్ ఒకవైపు, బండి ఇంకోవైపు.

మోకాలు చీరుకుపోయింది. చెయ్యి ముందు బనియన్‌లోకి వెళ్లింది. కాగితం ఉంది.

పరుగు...

పత్తి చెట్లు మోకాళ్ల ఎత్తు కూడా లేవు. దాక్కుందామన్నా లాభం లేదు. వెనక తలుపులు తెరుచుకున్న చప్పుడు. ఎవడో పిలుస్తున్నాడు, చుట్టాన్ని పిలిచినట్టు.

"ఓ లతీఫ్ చాచా, ఎందుకురుకుతున్నవ్? కాగితమిచ్చి పో."

వాళ్లు కృష్ణకాంత్ మనుషులు. కృష్ణకాంత్ అంటే వాన బీమా కంపెనీకి జిల్లాలో పెద్ద ఆఫీసర్.

లతీఫ్ పెద్దవాడేం కాదు. దేవరకొండ మండలాఫీసులో అటెండర్. ఆవరణలో వాన కొలిచే గాజు గొట్టం ఉంటుంది. రోజూ ఎనిమిదిన్నరకు అందులో నీళ్లు చూసి, ఎన్ని మిల్లీమీటర్లో ఫోన్‌లో చెప్పాలి. ముప్పై ఏళ్లలో ఒక్కరోజూ తప్పలేదు.

ఒక్కరోజు తప్ప.

ఐదేళ్ల కిందట, దాని ముందు రాత్రి ఉమేరాకు కాన్పు నొప్పులు మొదలయ్యాయి. బండి దొరకలేదు. పత్తి రైతు కాటమయ్య నిద్రలోంచి లేచొచ్చి తన ట్రాలీ ఆటో తీశాడు. వాళ్లను నల్లగొండ దవాఖానలో దించి, పైసా తీసుకోకుండా వెనక్కి మళ్లాడు. తెల్లారి ఎనిమిదిన్నరకు జిల్లా ఆఫీసు నుంచి ఫోన్.

"లతీఫ్, వానెంత?"

కిటికీ బయట కుండపోత. ఇక్కడ ఇంత పడుతుంటే అక్కడ పడకుండా ఉంటుందా?

"నలభై రెండు రాస్కోండి సార్."

దేవరకొండలో చుక్క పడలేదు!

వరుసగా ముప్పై రోజులు వాన లేకపోతే రైతుకు బీమా వస్తుంది. అది ఇరవై తొమ్మిదో రోజు. వాన పడలేదని నాలుగు ఊళ్ల రైతులు మొత్తుకున్నారు. కాగితంలో పడింది కదా అన్నారు పైవాళ్లు.

రెండు నెలలకు కాటమయ్య లతీఫ్ ఇంటికొచ్చాడు. చాయ్ తాగాడు. లతీఫ్ పాపను తెచ్చి అతని ఒళ్లో పెట్టాడు. కాటమయ్య జేబులో చెయ్యి పెట్టాడు. పసిపిల్ల చేతిలో ఏదో పెట్టబోతున్నాడనుకుని లతీఫ్ ఆ చేతిని పట్టుకున్నాడు.

"పైసలెందుకు కాటమయ్యా? నువ్వు జేసిందే సాలు."

కాటమయ్య కాసేపు పాపను చూసి లేచిపోయాడు. వారానికి పురుగుల మందు తాగాడు.

అసలు సంగతి పసిగట్టింది కృష్ణకాంత్ ఒక్కడే. నోరు తెరిస్తే జైలన్నాడు. లతీఫ్ తేలు కుట్టిన దొంగలా ఐదేళ్లు నోరు మూసుకున్నాడు.

ఇప్పుడు దుబాయ్‌లో ప్రపంచ వాతావరణ సదస్సు. జిల్లా కరువు గురించి, దానికి బలైన నాన్న గురించి మాట్లాడటానికి డిగ్రీ చదివే వర్షితను ఎంపిక చేశారు. కంపెనీ మాత్రం తన వాన బీమా గొప్పలతో సినిమా తీసిపెట్టుకుంది. పిల్ల పోవాలా, సినిమా పోవాలా? పది రోజులుగా హోటళ్లలో, వాట్సాప్ గ్రూపుల్లో ఇదే కొట్లాట. నిన్న కృష్ణకాంత్ పాత రికార్డు బయటపెట్టాడు. నలభై రెండు మిల్లీమీటర్లు పడిన ఊళ్లో కరువెక్కడిదని అడిగాడు. ఎవరు పోవాలో ఇవాళ్టి మీటింగ్‌లో తేలుతుంది.

నిన్న రాత్రి లతీఫ్ కృష్ణకాంత్‌కు ఫోన్ చేసి, ఆ రికార్డు వెనక్కి తీసుకోకపోతే దవాఖాన చీటీ మీటింగ్‌కు తెస్తానన్నాడు.

చేను అయిపోయింది. మట్టిరోడ్డు. ఎదురుగా ఒక కారు! అద్దం మీద సదస్సు స్టిక్కర్. డ్రైవర్ పక్కన స్నేహలత మేడం. దుబాయ్ వెళ్లే బృందానికి నాయకురాలు ఆవిడే.

"లతీఫ్ గారూ! రక్తమేంటి? ఎక్కండి, ఎక్కండి."

అమ్మయ్య... లతీఫ్‌కు ఏడుపొచ్చింది. వెనక సీట్లో కూలబడి, రొప్పుతూ అంతా చెప్పేశాడు. ఆమె చెయ్యి చాచింది. కాగితం ఇచ్చాడు.

"ఆ తేదీనే. పొద్దున ఎనిమిదీ ఇరవైకి మీ సంతకం. అంటే మీరు దేవరకొండలో లేరు." మెల్లగా చదివింది. "దీనికి జిరాక్స్ ఉందా?"

"లేదు మేడం."

ఆమె కాగితాన్ని నాలుగు ముక్కలు చేసింది. అద్దం దించింది. ముక్కలు గాలికి పోయాయి.

లతీఫ్ వెనక అద్దంలోంచి రోడ్డు వైపు చూశాడు.

"మా బృందం టికెట్లు, హోటళ్లు అన్నీ ఆ కంపెనీవే లతీఫ్ గారూ. ఆఖరి నిమిషంలో ఈ గొడవెందుకు?" ఫోన్ తీసి, "అయిపోయింది, మీవాళ్లను వెళ్లిపొమ్మనండి" అంది. మళ్లీ వెనక్కి తిరిగింది. "మిమ్మల్ని ఇంటి దగ్గర దించనా?"

ఇంటికి పోవచ్చు. ఇక ఎవరికీ తెలియదు. ఉద్యోగం ఉంటుంది, జైలు ఉండదు. మనవరాలు రేపు కూడా నానా అని తాత మెడకు వేలాడుతుంది.

"మీటింగ్ కాడ్నే దించుండ్రి."

"రండి. టిఫిన్ బాగుంటుంది" అని నవ్వింది స్నేహలత.

ఫంక్షన్ హాల్ నిండిపోయింది. వేదిక మీద తెర. తెర మీద పెద్ద అక్షరాల్లో 42. కృష్ణకాంత్ మాట్లాడుతున్నాడు. పక్కన వర్షిత తల వంచుకుని కూర్చుంది. ఒళ్లో ఒక పాత ఫోన్, దాన్ని రెండు చేతులా పట్టుకుంది.

లతీఫ్ కుంటుకుంటూ మెట్లెక్కాడు. ఎవరో చొక్కా పట్టుకున్నారు. విదిలించుకున్నాడు. మైక్ లాక్కున్నాడు.

"గా వాన పడలే."

వెనక వరుసలవాళ్లు లేచి నిలబడ్డారు.

"నేను లతీఫ్. గా దినం నల్లగొండల ఉన్న. కొలవకుంటనే నలభై రెండని చెప్పిన. గా వాన నేనే కురిపించిన. కాటమయ్య పాణం నేనే తీసిన. నన్ను జైల్ల ఏసుకోండ్రి. గీ పిల్ల అబద్ధమాడలే."

కృష్ణకాంత్ చిరునవ్వు చెరగలేదు. "పాపం, ముసలాయనకు దెబ్బ తగిలినట్టుంది. ఆధారం ఉందా పెద్దాయనా?"

లతీఫ్ బనియన్ తడుముకున్నాడు. ఖాళీ.

"ఉంది."

వర్షిత లేచింది. పాత ఫోన్‌కు వైరు తగిలించింది. తెర మీద 42 పోయింది. ఒక ఫోటో వచ్చింది. ఖాళీ గాజు గొట్టం, దాన్ని పట్టుకున్న మొరటు వేళ్లు, కింద అదే తేదీ. ఎనిమిదీ ముప్పై ఒకటి.

"మా బాపు తీసిండు. నల్లగొండ కెళ్లి వచ్చి ఇంటికి గూడ రాలే. మీరు లేరని, మీ పని తనే జేద్దామని ఆఫీసుకు పోయిండు."

లతీఫ్ ఆమె వైపు తిరిగాడు. "మరి... ఐదేండ్లు ఎందుకు దాచినవ్ బిడ్డా?"

"లతీఫ్ నోటితోనే రావాలె, నువ్వు జెప్పకు, ఆ పసిపిల్ల తాత జైలుకు పోతడు అని సచ్చే ముందల బాపు నాతోని మాట తీసుకున్నడు." వర్షిత తెర మీది ఫోటో వైపు చూసింది. "మీ ఇంటికొచ్చింది గీ ఫోటో సూపెట్టనీకెనే చాచా. జేబులకెళ్లి ఫోన్ తీస్తున్నడంట..."

లతీఫ్ తన కుడిచేతిని చూసుకున్నాడు. ఆ రోజు కాటమయ్య చేతిని పట్టుకుని ఆపింది ఇదే.