వెదురు గణుపుల చప్పుడు

బాంబూఫ్లాట్ పడవల జెట్టీ దాటాక వచ్చే ఆ షెడ్డు దగ్గర, చీకటి పడితే ఆటోవాళ్ళు హారన్ కూడా కొట్టరు. ఒకప్పుడది వెదురు గోదాము. దానికి నిప్పంటుకున్న రాత్రి కాపలాదారు గవరయ్య లోపల్నుంచి తలుపు బాదుతుంటే, బయట జనం గణుపులు పేలుతున్నాయనుకున్నారట. గణుపులో గాలి వేడెక్కితే తుపాకీలా పేలుతుంది కదా... అలా అనుకునే, ఎవరూ గడియ తీయలేదు.

ఇప్పుడక్కడ గోడల్ని మంటకి పరీక్షిస్తారు. గదంత కొలిమి ఉంటుంది. దాని నోటికి కొత్త గోడని మూతలా బిగించి, లోపల మంట పెడతారు. రెండు గంటలపాటు మంట ఇవతలికి రాకుండా, ఇవతలి వైపు మరీ వేడెక్కకుండా ఉంటే గోడ నెగ్గినట్టు. మధ్యలో మంట ఆపితే మాత్రం పరీక్ష చెల్లదు.

ఆ సాయంత్రం బిగించింది ఆడపిల్లల హాస్టల్‌కి కట్టబోయే గోడ నమూనా. అది నెగ్గితేనే, చెక్కల షెడ్డులో ఏటా తడుస్తున్న పిల్లలకి ఈ వానల్లోపు గదులు.

పరీక్ష చేసేది క్యారొలిన్. గోడ కట్టిన మేస్త్రీ యిర్మియా ఆమెకి బాబాయి వరస.

“ప్రార్థన కూటానికి ఎల్లొస్తానమ్మా. భయమేస్తే గవరయ్య మావని కబుర్లు చెప్పమను.”

“పో బాబాయ్! నిన్నటిలా చల్లగా ఉందని కొలిమిలో దూరి గురక పెట్టకు, చాలు.”

కాసేపాగి కొలిమిలోకి వెళ్ళే పక్క ఇనప తలుపుకి గడియ వేసి, మంట వెలిగించింది. లోపలికి తొంగిచూడటం... అదొక్కటే మరిచింది.

గంట దాటింది. గోడకి చెమట పట్టింది. ఇటుకల్లోని తేమ వేడికి ఇవతలికి ఊరుతుంది, అంతే. అది ఆమెకి తెలుసు.

టక్... టక్... టక్.

సున్నం పెచ్చులు ఊడుతున్నాయి, అనుకుంది. వేడికి ఊడతాయి కూడా.

అప్పుడు చూసింది — ఇనప తలుపు పక్కన, బాబాయి చెప్పులు.

ఫోన్ చేసింది. స్విచాఫ్.

“బాబాయ్...?”

టక్... టక్.

పెచ్చులే. పెచ్చులే అయ్యుంటాయి... గణుపులే అనుకున్నారు, వాళ్ళు కూడా!

మంట ఆపేసింది. హాస్టల్ పోతే పోయింది. గడియ పట్టుకుంటే అరచెయ్యి చుర్రుమంది. గుడ్డ చుట్టి, రెండు చేతులా లాగింది. కదల్లేదు. “వస్తున్నా బాబాయ్... ఉండు... ఉండు...” అంటూ మళ్ళీ లాగింది. మళ్ళీ. గడియ బిగుసుకుపోయింది. లోపల చప్పుడు కూడా ఆగిపోయింది.

ఆమె గోడకి తల ఆనించి, గొంతు పోయేదాకా ఏడ్చింది.

“ఏటమ్మా? ఏటయినాది?”

వెనక — యిర్మియా. ఉత్త కాళ్ళతో.

కట్టిన ప్రతి గోడ దగ్గరా చెప్పులు విడిచి, దాని మీద చెయ్యేసి ప్రార్థన చేసుకోవడం ఆయన అలవాటు. చేసుకుని, అలాగే కూటానికి వెళ్ళిపోయాడు. కూటంలో ఫోన్ కట్టేశాడు.

క్యారొలిన్ కూలబడింది. “పిల్లల గోడ పాడుచేశాను బాబాయ్... నువ్వు లోపలున్నావని...”

“పిచ్చిపిల్లా, మనిషి కంటే గోడెక్కువా? మళ్ళీ కడతాను. పెచ్చులమ్మా అవి! ఇదిగో...” నవ్వుతూ, వేలితో గోడ మీద మూడుసార్లు తట్టాడు.

కాసేపు ఏమీ లేదు.

తరువాత... లోపల్నుంచి... మూడుసార్లు.

యిర్మియా నవ్వు ఆగిపోయింది. తలుపు వైపు నడిచాడు.

“ఉండు గవరయ్య మావా...” గుసగుసగా అన్నాడు. “తీస్తన్నాం.”

ఆమె రెండు చేతులా లాగినా కదలని గడియ, ఆయన వేలు తగలకముందే జారింది.