ఎర్రవాగు కల్వర్టు మీద ఎనక్కి నడిచేటోడు

ఎర్రవాగు కల్వర్టు మంచిది కాదంటరు.

పగలు చూస్తే ఏముండదు. రెండు పక్కలా మోకాలెత్తు గోడ, కింద ఎర్రటి వాననీళ్లు, చుట్టూ టేకు చెట్లు. ఇటు తండా, అటు కోయగూడెం. పాల్వంచ పోయే షేర్ ఆటోలు సుత ఆడ హారన్ కొట్టి మరీ దాటుతయి. ఇగ చీకటి పడ్డదా... ఆ రోడ్డు మనుషులది కాదు.

తండా వాళ్లు చెప్పేదేందంటే, ఆడ ఒకడున్నడు. ఎనక్కి నడుస్తడు. మొహం అటు, నడక ఇటు. ఏదో గొణుక్కుంట వస్తడు. వాని మొహం చూసినోళ్లు ఎవ్వరూ మిగల్లేదని జమ్లి ఎప్పుడూ చెప్తది.

"ఎవ్వరూ మిగలకపోతే ఈ ముచ్చట నీకెవరు చెప్పిన్రు అత్తా?" అని కొత్త కోడలు కళ్యాణి ఒకసారి అడిగింది.

ఆ పూట కళ్యాణికి చాయ్ దొరకలేదు.

కళ్యాణిది ఖమ్మం పక్కన ఖానాపురం హవేలి. వీధి లైట్ల కింద పెరిగిన పిల్ల. దెయ్యాలంటే నవ్వొస్తది, కోళ్లంటే భయం. మొగుడు మోతీలాల్‌కు పాల్వంచలో షిఫ్టు డ్యూటీ. ఇంట్లో కోళ్లన్నీ అత్త చేతి కింద ఉంటయి. కళ్యాణి కంటికి అవన్నీ ఒక్కతీరే.

ఆ ఆషాఢంల జమ్లి చండ్రుగొండకు, బిడ్డ ఇంటికి పోయింది. పోయే ముందు ఒక పుంజు కాలుకు ఎర్రదారం కట్టి పోయింది. ఎందుకో చెప్పలేదు. తండాల పుట్టిన ఏ పోరికైనా చెప్పకుండనే తెలుస్తది— దారం కట్టిందంటే అది సీత్లా భవానికి మొక్కిన పుంజు. దాని మీద మనిషి చెయ్యి పడొద్దు.

ఖానాపురం పిల్ల ఏమనుకున్నది? ఇంటికి చుట్టాలొచ్చిన్రు. ఏది కొయ్యాల్నో తెలుస్తలేదు. ఒకదానికి దారం ఉంది. ఆహా, అత్త ఎంత మంచిది, ఏది వండాల్నో గుర్తు పెట్టి పోయింది అనుకున్నది.

మసాలా బాగ కుదిరింది. మోతీలాల్ రెండుసార్లు ఏసుకున్నడు.

మర్నాడు పొద్దుగూకే యాళ్లకు జమ్లి ఫోన్ చేసింది.

"దారం కట్టిన పుంజును గంప కింద మూసినవా? రేపు తెల్లారేసరికి వస్తున్న. అమ్మవారికి ఇయ్యాలె."

కళ్యాణి ఖాళీ గంప దిక్కు చూసింది. "మూసినత్తా," అన్నది. అబద్ధం కాదు. మూసింది గిన్నె మీద మూత.

ఇగ ఆమెకు మిగిలింది ఒక్కటే దారి. తెల్లారేలోపు అసొంటి ఎర్రపుంజే ఇంకోటి తెచ్చి, కాలుకు దారం కట్టి గంప కింద పెట్టాలె. లేకపోతే దేవుని కోడిని వండుకు తిన్న కోడలని మనుమలు పుట్టినంక సుత తండా చెప్పుకుంటది.

గూడెంల పుల్లమ్మ దగ్గర ఎర్రపుంజుందని తెలిసి, వానకు గొంగడి భుజాన ఏసుకొని, టార్చి పట్టుకొని ఉరికింది. పుంజు చేతికి దొరకలే. వాళ్లు దాన్ని ఇంటి చుట్టూ తరుముతుంటెనే చీకటి పడ్డది. ఆఖరికి సంచిల కుక్కి కళ్యాణి మెడకేసి, పుల్లమ్మ ఆమె చెవుల గుసగుసగ అన్నది—

"కల్వర్టు కాడ పైలం బిడ్డా. దానికి తలకాయ ఉండదు. చట్... చట్... అని చప్పట్లు కొట్టుకుంట వస్తది."

"మా తండాల ఇంకో తీరు చెప్తరు గదా?"

"మీది మీరు చూసుకోన్రి. మా దానికైతే తలకాయ లేదు."

ఒక్క కల్వర్టుకు రెండు దెయ్యాలా! కళ్యాణి నవ్వింది. టేకు చెట్లు దగ్గరికొచ్చేదాకా నవ్వింది. ఆ తర్వాత నవ్వు ఎటు పోయిందో తెల్వదు.

సన్నగ తుంపర. కప్పల చప్పుడు ఒక్కసారిగ ఆగింది...

అప్పుడు యాదికొచ్చింది, అత్త చెప్పిన ఉపాయం. గొంగడి తల మీది నుంచి నిండా కప్పుకోవాలె. చెప్పులు రెండూ చేతులకు తొడుక్కొని, ఒకదానికొకటి కొట్టుకుంట దాటాలె. చెప్పు దెబ్బంటే దెయ్యానికి సుత భయమే.

నమ్మకం లేదు. అయినా చెప్పులు ఇప్పింది. టార్చి పట్టుకుందామంటే చేతులకు చెప్పులాయె. గొంగడి లోపల పుంజు, పుంజు మీద గుండె... రెండూ కొట్టుకుంటున్నయి.

చట్... చట్... చట్...

కల్వర్టు నడిమిదాకా వచ్చింది. ఎదురుంగ ఏదో గొణుగుడు.

గొంగడి సందుల నుంచి చూసింది. ఒక వీపు. ఒట్టి వీపు— ఆమె దిక్కే వస్తున్నది. అడుగు ఎనక అడుగు, ఎనక్కి...

కాళ్లు ఉరుకుమంటున్నయి, కదుల్తలేవు. చేతులు మాత్రం ఆగకుండ కొడుతున్నయి. చట్‌చట్‌చట్‌చట్—

వీపు వచ్చి గొంగడికి గుద్దుకున్నది.

రెండు కేకలు లేచినయి. ఇద్దరూ చెరో పక్క కూలబడ్డరు. సంచిలకెళ్లి పుంజు ఎగిరి గోడ మీద కూసున్నది. రెక్కలు దులుపుకున్నది. మెడ చాపి, ఊరంతా లేచేటట్టు కూసింది.

కొక్కొరొకో!

కోడి కూస్తే దెయ్యం మాయమైతది. తండాల అంతే, గూడెంల అంతే, ఖానాపురంల సుత అంతే. ఇద్దరూ ఒకరినొకరు చూసుకుంట, అవతలిది మాయమైతదని ఎదురుచూసిన్రు.

చానాసేపు చూసిన్రు.

"కోడి కూసింది," అని మెల్లగ అన్నది వీపు.

"అవ్... కూసింది."

"మరి పోవేంది?"

"నువ్వెందుకు పోలే?"

"నేనెందుకు పోత? నేను మనిషిని."

"నేను సుత మనిషినే."

"దెయ్యాలన్నీ గట్లనే అంటయి. ఏ ఊరు నీది?"

"ఖానాపురం హవేలి."

"గంత దూరం దెయ్యానివి ఈడికెట్లొచ్చినవ్? ఆటో దొరికిందా?"

ఆ గొంతు ఎక్కడనో విన్నట్టుంది. గొంగడి తీసి చూస్తే— పుల్లమ్మ మొగుడు గంగయ్య!

"కాకా! నువ్వు ఎనక్కి నడుసుడేంది?"

"మా తాత చెప్పిండు బిడ్డా. మొండెం దెయ్యం ఎదురొస్తే ఎనక్కి నడవాలె, తల్లి పేరు గొణుక్కోవాలె. మనం ఎటో పోతున్నమనుకొని ఇడిసిపెడ్తది. చిన్నప్పటిసంది గిట్లనే దాటుతున్న."

కళ్యాణి నోరు తెరిచింది. గంగయ్య ఆమె చేతులకున్న చెప్పుల దిక్కు, కిందపడ్డ గొంగడి దిక్కు చూసిండు. ఆయన నోరు సుత తెరుచుకున్నది.

గూడెపోళ్ల దెయ్యం తండావోళ్లు. తండావోళ్ల దెయ్యం గూడెపోళ్లు. తాతల కాలం నుంచి ఒకరికొకరు భయపడుకుంట, ఒకరినొకరు భయపెట్టుకుంట...

ఇద్దరికీ నవ్వు ఆగలేదు. నవ్వి నవ్వి, గంగయ్య గోడ దిక్కు చూసి గప్పున ఆగిండు.

"అగో... గిది మా పుంజు గదనే!"

పుంజును చంకల పెట్టుకున్నడు. పుల్లి తనకు చెప్పకుండ అమ్మిందట. ఇచ్చేదే లేదట. కళ్యాణికి ఏడుపొచ్చింది, ఆ ఎనకనే ఆలోచన వచ్చింది.

"సరే కాకా, తీస్కపో. ఎనక్కి నడిచే దెయ్యం గంగయ్య కాకనే అని రేపు అంగట్ల చెప్త. పోరగాళ్లు నీ ఎంబడి ఎనక్కే నడుస్తరు."

గంగయ్య పుంజును చూసిండు. చీకటిని చూసిండు.

"తీస్కపో తల్లీ. నేను నిన్ను చూడలే, నువ్వు నన్ను చూడలే."

తెల్లారి జమ్లి గంప లేపింది. దారం ఉంది. పుంజు ఉంది. తోక చూసింది.

"మన పుంజుకు తోక నల్లగుండె. గిది ఎర్రగుందేంది?"

కళ్యాణి నోటికొచ్చింది చెప్పింది. "రాత్రి గంప తన్నుకొని ఉరికింది అత్తా. ఎంబడి పోతే... కల్వర్టు కాడ వాడు ఎదురొచ్చిండు. భయానికి దాని తోక రంగు పోయింది."

జమ్లి కోడల్ని కింది నుంచి మీది దాకా చూసింది.

"మొహం కనపడ్డదా?"

"లేదత్తా. వీపే."

"అవ్," అని తల ఊపింది జమ్లి. "వీపే కనపడ్తది."

పోయి తనే చాయ్ పెట్టుకొచ్చి ఇచ్చింది.

వారం తిరిగినంక అంగట్ల గంగయ్య కళ్యాణిని పక్కకు పిలిచిండు. మొహం మాడ్చుకొని ఉన్నడు.

"గంత ముచ్చట అయినంక సుత భయపెట్టుడేంది బిడ్డా? గూడెం దాకా నా ఎనకాల చట్ చట్ అని కొట్టుకుంట వచ్చినవ్."

"నేనా? చెప్పులు అప్పుడే కాళ్లకేసుకున్న కాకా! నువ్వే గదా, తండా దాకా నా ఎనకాల గొణుక్కుంట వచ్చింది?"

గంగయ్య తలకాయ మెల్లగ అటూ ఇటూ ఊగింది.

"నేను ముందుకే నడిచిన బిడ్డా. నోరు మూస్కొని."

అంగట్ల లొల్లి లొల్లిగున్నది. వాళ్లిద్దరికీ ఏం వినపడలేదు.

ఇప్పుడు చీకటి పడితే ఒకరి కోసం ఒకరు ఆగి, కల్వర్టు కలిసే దాటుతరు. ఆయన ఎనక్కి, ఆమె చెప్పులు కొట్టుకుంట. మీరు గన్క అటు దిక్కు పోతే, ఇద్దరు కనపడితే భయపడకున్రి. పలకరియ్యున్రి.

ఒక్కరే కనపడితే మాత్రం... చెప్పులు ఇప్పి చేతులకేసుకోన్రి.